గాడిని తాకని గుండు

ఎంగెలా రౌబెన్‌హైమర్ పేరు చెబితే హెర్ట్సోగ్‌విల్ చుట్టుపక్కల గొర్రెలున్న ప్రతి రైతూ టోపీ సర్దుకుంటాడు. ఉన్నికి తరగతులు వేయడంలో ఆమెను మించిన చెయ్యి దక్షిణాఫ్రికా ఫ్రీ స్టేట్‌లో లేదు. కత్తిరించిన ఉన్నిలోంచి ఒక పాయ తీసి వేళ్ల మధ్య నలిపితే చాలు, అది గొర్రె భుజం మీదిదో పిర్ర మీదిదో, ఆ గొర్రె పోయిన ఎండల్లో ఎంత ఆకలి పడిందో చెప్పేస్తుంది. బొస్‌హోఫ్ సంతలో ఆమె వేసిన తరగతిని కాదన్న కొనుగోలుదారు ఇంతవరకు పుట్టలేదు.

ఇక తుపాకి సంగతి. మూడువందల మీటర్ల జిల్లా కప్పు ఆమెది. ఆరువందల మీటర్ల వెండి పళ్లెం రెండుసార్లు ఆమెదే. కింబర్లీ వాళ్లు మగవాళ్లకని పెట్టిన పందెంలో పేరు రాయించుకుని, గెలిచి, వాళ్లిచ్చిన మగవాళ్ల కోటును తెచ్చి దిష్టిబొమ్మకు తొడిగింది. వెల్కమ్‌లో ఈదురుగాలికి జెండాలు చిరిగిన రోజున, మిగతావాళ్లు తుపాకులు సర్దుకుని కాఫీకి పోతే, ఆమె ఒక్కతే పడుకుని పేల్చి పతకం తెచ్చుకుంది. ఇవన్నీ కొట్లో కొన్న తూటాలతో కాదు. కొట్లో కొన్న తూటాతో జింక పడుతుంది, కప్పు పడదు. ఇత్తడి డొప్పను తానే సాగదీసి, మెడ కాల్చి మెత్తబరిచి, అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ నొక్కి, తుపాకి మందు తూచి పోసి, మూతిలో గుండు కూర్చోబెట్టి, ప్రతి తూటా తన చేత్తో చేసుకున్నదే.

ఇన్ని గెలిచినా ఆమెకు ఒకటి మిగిలిపోయింది. ఏటా ఏప్రిల్‌లో, మొక్కజొన్న ఎండి గలగలలాడే రోజుల్లో, బ్లూమ్‌ఫొంటెయిన్‌లో జరిగే తొమ్మిదివందల మీటర్ల పందెం. కప్పు మీద మోజుతో కాదు ఆమె దాని వెంట పడింది. తన ఇంటిపేరు కోసం.

ఫ్రీ స్టేట్‌లో ఏ పందెపు మైదానానికైనా వెళ్లండి. ఎవడి గుండైనా గొట్టంలో ఇరుక్కుంటే, చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వి అనే మాట ఒక్కటే: "రౌబెన్‌హైమర్ చేశాడు!" అంటున్న కుర్రాళ్లలో సగంమందికి ఆ రౌబెన్‌హైమర్ ఎవరో కూడా తెలియదు.

ఆయన సారెల్ రౌబెన్‌హైమర్. ఎంగెలా తండ్రి. సారెల్ ఊమ్ అంటే ఆ రోజుల్లో పెద్ద పేరు. మా వాళ్లలో పెద్దవాళ్లను మామా అన్నట్టు ఊమ్ అనీ, ఆడవాళ్లను తన్నీ అనీ పిలుస్తారు గాని, ఆయన్ను ఆయన ఈడు వాళ్లు కూడా ఊమ్ అనే పిలిచేవాళ్లు. అంత గౌరవం. ఆయనా అందరిలాగే గుండును డొప్పలో పైకి పొడుగ్గా కూర్చోబెట్టేవాడు. తుపాకి గొట్టం లోపల గుండును తిప్పే మెలికల గాడులుంటాయి. గొట్టం వెనక తలుపులాంటి బోల్టు మూయగానే గుండు ముక్కు ఆ గాడులకు గట్టిగా ఆనుకోవాలి, అప్పుడే వంకర లేకుండా బయల్దేరుతుంది. ఆ నమ్మకం తాతల నాటిది. అబద్ధం కూడా కాదు.

ఒక ఏడు బ్లూమ్‌ఫొంటెయిన్‌లో సారెల్ ఊమ్ అందరికన్నా ముందున్నాడు. చివరి తూటా పెట్టి బోల్టు మూశాడు. అప్పుడే ఆపండని కేక వినిపించింది. గురిపలకల దగ్గర ఎండుగడ్డి అంటుకుంది. ఆపమన్నాక ఎవరైనా సరే బోల్టు తెరిచి తూటా బయటికి తీయాలి. ఆయన లాగాడు. డొప్ప వచ్చింది, గాడుల్లో బిగుసుకున్న గుండు రాలేదు. గుండు ఊడిన డొప్పలోంచి మందు నల్లనువ్వుల్లా జారి ట్రిగ్గరు సందుల్లోకి పోయింది. గుండును ఊచతో పొడిచి తీశారు, ట్రిగ్గరు మాత్రం పని చేయలేదు. ఇంకొకరి తుపాకి తీసుకోవచ్చని నిబంధన ఉంది. అటు నుంచి ఇటు దాకా పడుకున్న వాళ్లలో ఒక్కడూ తల తిప్పలేదు. అందరికీ ఉన్నట్టుండి తమ దుర్భిణులు తుడుచుకోవాల్సిన పని పడింది. జంటగా పేలుస్తూ ఆయన లెక్క రాస్తున్న మనిషి ఆయన పేరు ఎదుట సున్నా రాశాడు.

ఎంగెలా తండ్రి వెనకే నిలబడి ఉంది. అప్పుడామెకు ఇరవై దాటాయి. కాఫీ కప్పుతో వెళుతున్న ఒక పొడుగాటి కుర్రాణ్ని పక్కవాడు "ఏమైందిరా?" అని అడిగితే, వాడు "ఏముంది, రౌబెన్‌హైమర్ చేశాడు" అన్నాడు. వాళ్లిద్దరూ నవ్వారు. సాయంత్రానికి ఆ మాట మాంసం కాల్చే పొయ్యిల చుట్టూ తిరిగింది. మరుసటి ఏటికి ట్రాన్స్‌వాల్ దాటింది. ఆ పొడుగాటి కుర్రాడి పేరు ఫ్లోరిస్ లాటెగన్. తర్వాత్తర్వాత తొమ్మిదివందల మీటర్ల కప్పును సొంత సొత్తులా ఇంటికి తోలుకుపోయిన లాటెగన్ ఆయనే.

సారెల్ ఊమ్ మళ్లీ పందెంలో పడుకోలేదు. కూతురికి మాత్రం పనంతా నేర్పాడు. ఒకరోజు డొప్పలో గుండు దించే ప్రెస్సు ముందు కూర్చుని ఉండగా ఎంగెలా ఉండబట్టలేక, "నాన్నా, ఆ గుండు నిన్ను ముంచింది" అంది.

"గుండు తప్పేం లేదమ్మా. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది. కూర్చోబెట్టింది నేను."

ఆయన పోయాక ఎంగెలా ఒక పట్టు పట్టింది. గాడిని తాకకుండా, వెనక్కి కూర్చున్న గుండుతోనే తొమ్మిదివందల మీటర్ల కప్పు గెలవాలి. తండ్రి చేసిన పొరపాటుకు అసలు తావే లేని తూటా చేసి, రౌబెన్‌హైమర్ అంటే అదీ అనిపించాలి.

చెప్పడం తేలికే. గుండును వెనక్కి జరిపితే అది గాడిని అందుకునేలోపు కాస్త గెంతాలి. ఆ గెంతులో వెంట్రుకంత తేడా వస్తే, తొమ్మిదివందల మీటర్ల అవతల అది చేటంత అవుతుంది. ఆరువందల దాకా ఆమె తూటాలు చెప్పినట్టు వినేవి. అది దాటితే కోడిపిల్లల్లా చెదిరిపోయేవి. ఒక్కోసారి మంచి కొలత దొరికేది, గుండ్లన్నీ ఒకేచోట పడేవి. సంబరపడి అదే కొలతతో పెట్టెలు పెట్టెలు చేసుకునేది. ఈలోపు పేల్చి పేల్చి గొట్టం కొద్దిగా అరిగేది, గాడులు కొద్దిగా ముందుకు పోయేవి, ఆ మంచి కాస్తా మాయమయ్యేది. ఏళ్లకేళ్లు ఇదే తంతు.

లాటెగన్ ఎప్పుడు కనబడినా ఊరుకునేవాడు కాదు. "ఏం ఎంగెలా, నీ గుండ్లకు గాడులంటే అంత సిగ్గా? పాదిరిగారు కాఫీకి పిలిస్తే గుమ్మం దగ్గరే నిలబడిపోయిన కుర్రాడిలా ఉన్నాయి పాపం!"

"లోపలికి రమ్మంటే మంచం కింద దూరి కూర్చునే నీ గుండ్లకన్నా నయమే ఫ్లోరిస్" అనేది ఆమె. నోటికి నోరు సరిపోయేది. కప్పు మాత్రం లాటెగన్ బండిలో వెళ్లేది.

దారి దొరికింది మైదానంలో కాదు, గొర్రెల కొట్టంలో. ఏటా లెసోతో కొండల నుంచి ఉన్ని కత్తిరించే జట్టు దిగుతుంది. వాళ్ల పెద్ద మొఖెతి. జట్టంతా ఆయన్ను న్టాటే మొఖెతి అంటుంది, అంటే తండ్రిలాంటివాడని. ఎంగెలా కూడా అలాగే పిలుస్తుంది. ఆయన ఆమెను మే ఎంగెలా అంటాడు, అమ్మా అన్నట్టు. ఆ రోజు ఒక కొత్త రైతు తన గొర్రె భుజం మీది పాయ ఒకటి ప్రత్యేకంగా తీసి, పట్టు గుడ్డలా చేతిలో పెట్టుకుని వచ్చాడు. ఎంగెలా దాన్నటు పడేసి, బల్ల మీద పరిచిన ఉన్నిని తిప్పి, నేరుగా పిర్ర దగ్గరి ముతక భాగంలో చెయ్యి పెట్టింది.

మొఖెతి కత్తెర ఆపి నవ్వాడు. "మే ఎంగెలా, పెళ్లిచూపులకొచ్చి పిల్ల ముఖం చూడకుండా మడమలు చూసేవాళ్లలో నిన్నొక్కదాన్నే చూశాను!"

"ముఖం అందరూ కడుక్కునే వస్తారు న్టాటే" అంది ఆమె. "ఒక్క పాయ ఎంత గొప్పగా ఉంటే నాకేంటి? భుజం నుంచి పిర్ర దాకా ఎక్కడ తీసినా తేడా తక్కువుందా లేదా, అదీ ఉన్ని అంటే."

అని, ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది, ముల్లు గుచ్చుకుందా?"

"అవును న్టాటే, ఎప్పటిదో. ఇప్పుడే బయటికొచ్చింది."

ఇన్నేళ్లూ తాను చేసింది ఆ కొత్త రైతు చేసిన పనే. అన్నిటికన్నా గొప్ప గురి ఇచ్చిన ఒక్క కొలతను పట్టుకుని ఊరేగింది. దానికి అటూ ఇటూ ఏముందో చూడలేదు. కావలసింది గొప్ప కొలత కాదు. కొద్దిగా అటు జరిగినా కొద్దిగా ఇటు జరిగినా మారని చోటు కావాలి.

ఆమె పొలంలో పాత చెరువు మట్టికట్ట ఉంది. కోసిన మొక్కజొన్న చేను ఇవతలి గట్టు మీద పడుకుంటే అది సరిగ్గా తొమ్మిదివందల మీటర్లు. ఆ చలికాలమంతా ఎంగెలా తూటాలు జట్లు జట్లుగా చేసింది. మొదటి జట్టు గుండ్లు గాడికి దగ్గరగా, తర్వాతి జట్టు వెంట్రుకలో సగం వెనక్కి, ఆ తర్వాతిది మరికాస్త వెనక్కి. గుండు డొప్పలోకి దిగేటప్పుడు ప్రెస్సు లీవరు చేతికేమి చెబుతుందో వినేది. బిగువుగా దిగినవి ఒక పెట్టెలో, వదులుగా దిగినవి ఇంకో పెట్టెలో. ఆ చేతికి అది కొత్తేమీ కాదు, ఉన్ని వేరు చేసే చెయ్యే కదా. పొద్దున్నే గాలిమర రెక్కలు ఎప్పుడు నిలబడితే అప్పుడు వెళ్లి పడుకునేది. రెక్క కదిలితే లేచి వచ్చేసేది. కొన్ని వారాలు ఆ రెక్కలు ఆగనే లేదు.

చివరికి ఒక మంచు పొద్దున అన్ని జట్లూ పేల్చి, మంచుతో పెళపెళలాడే దుబ్బుల మీదుగా, గురిపలక నిలబెట్టిన కట్ట దాకా నడిచింది. మొదటి జట్టు చెదిరింది. రెండోది దగ్గరగానే పడింది గాని పైకి పోయింది. మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది... ఎంగెలా చేతి తొడుగు తీసి పలక మీద అరచెయ్యి ఆనించింది. వేరు వేరు కొలతలతో చేసిన నాలుగు జట్ల తూటాలు ఆమె ఒక్క అరచేతి కిందకు వచ్చాయి. అంత దూరం నుంచి! ఇవతలి గట్టు మీద వదిలి వచ్చిన చాప ఇక్కడికి ఆవగింజంత కూడా కనబడటం లేదు. గాలి, చలి, భూమి లాగే లాగుడు, ఇన్నిటి మధ్యలోంచి వచ్చి, రోజూ ఒకే తొట్టి దగ్గర నీళ్లు తాగే గొర్రెల్లా ఒకేచోట చేరాయి. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఆదివారం ప్రార్థనలో నిలబడినట్టు అక్కడే నిలబడిపోయింది.

ఆ నాలుగింటిలో అన్నిటికన్నా దగ్గరగా పడినదాన్ని ఆమె తీసుకోలేదు. మధ్య కొలత తీసుకుంది. గొట్టం అరిగినా, ఎండ కాసినా అటో ఇటో జరగడానికి చోటుండాలని.

ఏప్రిల్ వచ్చింది. బ్లూమ్‌ఫొంటెయిన్ మైదానంలో ఎర్ర జెండాలు లేచాయి. చివరి పందెంలో ఒక్కో పలకకు ఇద్దరిని జంట చేస్తారు. ఒకరు పేల్చాక ఇంకొకరు. ఎవరి లెక్క వాళ్లు రాసుకోకూడదు, నీ ఎదుటివాడి గుండు ఎక్కడ పడిందో నువ్వే గట్టిగా చెప్పి రాయాలి. శత్రువు గెలుపును నీ నోటితోనే పలకాలన్నమాట. ఆ మర్యాద మావాళ్లు తాతల నాటి నుంచి తప్పలేదు. చీటీలు తీస్తే ఎంగెలాకు జంటగా లాటెగన్ వచ్చాడు.

చాప పరుస్తూనే ఆయన మొదలుపెట్టాడు. "గుమ్మం దగ్గర కుర్రాళ్లను తెచ్చావా?"

"తెచ్చాను. కాళ్లు కడుక్కునే వచ్చారు."

"ఈసారైనా లోపలికి వస్తారా?"

"నువ్వు రాయడానికి పెన్సిలు చెక్కుకో ఫ్లోరిస్. మాటలతో నిండదు కాగితం."

పలక మీద నల్లటి గుండ్రం. గుండ్రంలో పడితే ఐదు. దాని నట్టనడుమ చిన్న వలయంలో పడితే ఐదే గాని, దాన్ని నడిచుక్క అంటారు. సమానంగా వచ్చినప్పుడు ఎవరికి నడిచుక్కలు ఎక్కువో వాళ్లది గెలుపు. లాటెగన్ కొట్టాడు. "ఐదు, నడిచుక్క" అంది ఎంగెలా. ఎంగెలా కొట్టింది. "ఐదు, నడిచుక్క" అన్నాడు లాటెగన్, కనుబొమ్మ పైకి లేపి. మళ్లీ ఆయన, మళ్లీ ఆమె. సగం దాటేసరికి మిగతా పలకల దగ్గర పని ముగించినవాళ్లు వచ్చి వెనక గుమిగూడారు. ఇద్దరికీ ఒక్క తేడా లేదు. లాటెగన్ హాస్యాలు ఆగిపోయాయి. నేల మీద ఎండమావులు మరుగుతున్న పాలలా కదులుతున్నాయి. లాటెగన్ తూటా పెట్టి బోల్టు మూసి, ఎండమావి కుదురుకునే దాకా కాచుకుని ఉన్నాడు.

అప్పుడొచ్చింది నిప్పుకోడి. పక్క పొలంలోంచి కంచె దూకి, గురిపలకల ముందు, ఊరు చూడటానికి వచ్చిన చుట్టంలా తాపీగా నడవసాగింది.

"ఆపండి! బోల్టులు తెరవండి! తూటాలు బయటికి!" మైదానం పెద్ద హానెకొమ్ అరిచాడు.

జనం నవ్వుతున్నారు. "హానెకొమ్ ఊమ్, దాని పేరు రాసుకున్నారా పందెంలో?" అని ఎవరో అన్నారు. ఆ నవ్వుల మధ్య లాటెగన్ బోల్టు లాగాడు. డొప్ప వచ్చింది. గుండు రాలేదు. నల్లటి మందు గింజలు గలగలా జారి ట్రిగ్గరులోకి దిగిపోయాయి.

చిన్న చప్పుడే. ఆ చప్పుడు ఎంగెలాకు ఎప్పటి నుంచో తెలుసు.

నిప్పుకోడిని తోలేశారు. ఊచతో గొట్టంలోని గుండును పొడిచి తీశారు. లాటెగన్ ట్రిగ్గరులోకి ఊదాడు, తట్టాడు, తుపాకి తలకిందులు చేసి దులిపాడు. మీట నొక్కితే ఇసుక తిన్న గడియలా కరకరమంది గాని పడలేదు. వెనక నుంచి ఒక కుర్రాడు అలవాటు కొద్దీ అనేశాడు: "ఫ్లోరిస్ ఊమ్ రౌబెన్‌హైమర్ చేశాడు రోయ్!" కొందరు నవ్వారు. ముందు కూర్చున్నది ఎవరో గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

"ఫ్లోరిస్," అన్నాడు హానెకొమ్, "ఇంకో తుపాకి చూసుకుంటావా, కాగితం మూసేయమంటావా?"

చూసుకోవడానికేముంది? లాటెగన్ తూటాలు లాటెగన్ గొట్టానికి కొలిచి చేసినవి, ఇంకొకరి దాంట్లో పట్టవు. తుపాకి ఇచ్చేవాడు తూటాలు కూడా ఇవ్వాలి. చివరి పందెంలో తన చేతి తూటాలు ఎవడు దానం చేస్తాడు? లాటెగన్ అటూ ఇటూ చూశాడు. దుర్భిణులు తుడుచుకునే గుడ్డలు బయటికి వచ్చాయి.

ఎంగెలా ఆ గుడ్డలు చూసింది. కాగితం ఆమె ఒళ్లోనే ఉంది, పెన్సిలు చేతిలోనే ఉంది. ఒక్క సున్నా రాస్తే చాలు. కప్పు వస్తుంది. ఏ తప్పుకు తండ్రి పేరు పెట్టారో, ఆ పేరు పెట్టినవాడే ఆ తప్పులో పడి ఓడిపోయాడని ఊరూరా చెప్పుకుంటారు. కాని ఆ సున్నా రాసే చెయ్యి ఎలా ఉంటుందో ఆమె ఒకసారి చూసింది, తండ్రి వెనక నిలబడి.

"నాది తీసుకుంటాడు" అంది. "తుపాకీ, తూటాలూ. పెట్టెలో కావలసినన్ని ఉన్నాయి."

హానెకొమ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎంగెలా తన్నీ, బాగా ఆలోచించే అంటున్నారా?"

"ఆలోచిస్తే ఇవ్వనయ్యా. అందుకే ఆలోచించలేదు."

లాటెగన్ తన తూటాల పెట్టె మూత పెట్టేశాడు. తర్వాత ఎర్రబడ్డ ముఖంతో, "నీ గుమ్మం దగ్గర కుర్రాళ్లతోనా?" అన్నాడు.

"వాళ్లతోనే. కాస్త మర్యాదగా పిలువు, వింటారు."

ముందు ఎంగెలా తన మిగిలిన తూటాలు పేల్చాలని హానెకొమ్ తీర్పు చెప్పాడు. ఆమె పడుకుంది. అన్నీ నల్లగుండ్రంలోనే. ఒకటి మాత్రం నడిచుక్క అంచు దాటి పక్కకు పోయింది. "ఐదు" అన్నాడు లాటెగన్, నడిచుక్క అనే మాట లేకుండా. ఆమె లేచి చాప ఖాళీ చేసింది. ఆయన పడుకున్నాడు. తుపాకిని భుజానికి సర్దుకోవడానికి అనుమతించిన, లెక్కలోకి రాని రెండు గుండ్లు పేల్చాడు. రెండూ నడిచుక్క దగ్గరే. ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు. మళ్లీ తుపాకి మీది దుర్భిణిలో కన్ను పెట్టాడు.

ఎంగెలా ఆయన వెనక కూర్చుని పెద్ద దుర్భిణిలోంచి చూస్తూ ఉంది. లెక్కలోకొచ్చే మొదటి గుండు, అంటే మూడోది, పేలింది.

తుపాకి వెనక పడుకున్నవాడికి తన గుండు ఎగరడం కనబడదు. మోత, దెబ్బ, దుమ్ము, అంతలో అయిపోతుంది. ఇన్నేళ్లు, ఇన్ని వేల తూటాలు ఆమె చేతిలో తయారయ్యాయి. వాటిలో ఒక్కటి ఎగరగా ఆమె చూడలేదు. చూడాలంటే ఇంకొకరు పేల్చాలి, ఆమె తూటాలు ఇంకొకరు ఎప్పుడు పేల్చారు గనక! ఇప్పుడు లాటెగన్ భుజం మీదుగా, మరిగే ఎండమావిలో, గాలి సన్నగా మెలితిరిగి ఒక దారి కనబడింది. నీళ్లలో చేప పోతే పైన ముడతపడినట్టు. అది పైకి లేచింది, గొర్రెల కొట్టం కప్పుకన్నా ఎత్తుకు లేచింది, అక్కడ ఒక్క క్షణం నిలబడినట్టే ఉంది. వంగింది. గాలి తోసిన వైపుకు ఒరుగుతూ, ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసినదానిలా వాలి, నల్లటి గుండ్రం నడుమ దిగిపోయింది. మరొకటి. అదే దారి. ఇంకొకటి. గాలిలో ఎవరో గీత గీసి పెట్టినట్టు, ఒకదాని వెనక ఒకటి అదే దారిన పోతున్నాయి. వంట బల్ల మీద, కాఫీ కప్పు పక్కన, ఈ ముసలి వేళ్లతో చేసినవేనా ఇవి? నాన్న చూసి ఉంటే, అనుకుంది. కళ్లు చెమర్చి దుర్భిణి మసకబారితే చేతి గుడ్డతో తుడుచుకుంది. ఆమె నిజంగానే తుడుచుకుంది.

"చెప్పండి ఎంగెలా తన్నీ!" వెనక నుంచి హానెకొమ్ గుర్తుచేశాడు.

"ఐదు, నడిచుక్క" అంది. మళ్లీ గట్టిగా, మైదానమంతా వినబడేలా: "ఐదు! నడిచుక్క!"

చివరి గుండు దాకా ఆ మాట మారలేదు. మిగిలినవన్నీ నడిచుక్కే. కాగితం కలిపి చూస్తే ఇద్దరికీ ఐదుల్లో లోటు లేదు. నడిచుక్కల్లో ఆమెకు ఒకటి తక్కువ. కప్పు లాటెగన్‌ది.

గెలిచినవాణ్ని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. వద్దన్నా వదలరు. లాటెగన్ వద్దనే అన్నాడు. వాళ్లు ఎత్తేశారు. కొన్ని అడుగులు పోయాక ఆయన కుర్చీ చేతిమీద దబదబా బాదాడు. "ఆపండ్రా! ఆపండి! ఆమె దగ్గరికి తిప్పండి!"

తిప్పారు. ఎంగెలా మోకాళ్ల మీద కూర్చుని ఖాళీ డొప్పలు ఏరుకుంటోంది.

"అందరూ వినండి" అన్నాడు లాటెగన్. "సారెల్ ఊమ్ గుండు ఇరుక్కున్న రోజున ఆ మాట పుట్టించింది నేనే. కుర్ర నోరు. ఇవాళ నాది ఇరుక్కుంది. ఈమె తూటాతో గెలిచాను. ఆ తూటా ఇరుక్కోదు, అది మీరు చూశారు. కాబట్టి ఆ మాటను నా పేరు మీదికి మార్చండి. ఇక మీదట గుండు ఇరుక్కుంటే లాటెగన్ చేశాడు అనాలి. కష్టపడి సంపాదించుకున్నాను, నాకే కావాలి."

జనం గొల్లున నవ్వారు. ఎంగెలా నవ్వలేదు. చేతిలోని డొప్ప ఎండకు పెట్టి, మెడ పగలలేదు కదా అని చూస్తూ, "కుర్చీ పట్టుకో ఫ్లోరిస్, పడతావు" అంది.

లాటెగన్ పట్టుబట్టినంత మాత్రాన అలవాటైన నోళ్లు ఊరుకుంటాయా? ఆ చలికాలం హెర్ట్సోగ్‌విల్ చిన్న పందెంలో ఒక కొత్త కుర్రవాడి గుండు గొట్టంలో ఉండిపోయింది. బిల్టాంగ్, అదే ఎండుమాంసం, నములుతున్న ఒక ముసలాయన నోరు తెరిచి, "చూశారా, రౌబె..." అనబోయాడు.

"అది నాదయ్యా!" అని మడత కుర్చీలోంచి లాటెగన్ పెట్టిన కేకకు కంచె మీది పావురాలు లేచిపోయాయి.

అందరూ ఎంగెలా వైపు తిరిగారు. ఆమె కన్ను దుర్భిణి మీంచి తీయలేదు. అంతకు కొన్ని వారాల ముందే లాటెగన్ ఆమె దగ్గరికి వచ్చి, చెవిలో రహస్యం అడిగినట్టు, గుండు ఎంత వెనక్కి కూర్చోబెట్టాలో అడిగి వెళ్లాడు. ఇప్పుడు ఆయన మనవరాలు ఆ కొలతతో చేసిన తూటాలు పెట్టుకుని చాప మీద పడుకుని ఉంది. ఆ పిల్ల వెనక కూర్చుని ఎంగెలా గాలిని చూస్తోంది, మరోసారి ఆ దారి కనబడుతుందేమోనని.

"ఎడమ నుంచి వస్తోంది తల్లీ" అంది. "కొంచెం ఆగు. ఆగు... ఇప్పుడు."